పిండికి కప్పిన గొంగళి

అరకులో మేమున్న మొదటి చలికాలం, ఇంట్లో ఉన్న ఒకే ఒక్క గొంగళిని నాకు కప్పలేదు. ఇడ్లీ పిండికి కప్పారు.

ఇందులో అతిశయోక్తి లేదు. ముప్పై ఏళ్ళకు పైగా ప్రెస్సులో కంపోజిటరుగా పనిచేసినవాణ్ణి. పెళ్ళి శుభలేఖల్లోనూ ఎన్నికల కరపత్రాల్లోనూ ఇతరుల అతిశయోక్తులను ఒక్కొక్క అక్షరంగా ఏరి పేర్చినవాణ్ణి. అవి ఎంత బరువుంటాయో నా వేళ్ళకు తెలుసు. కాబట్టి ఉన్నది ఉన్నట్టు రాస్తున్నాను. నాకప్పుడు తొమ్మిదేళ్ళో పదేళ్ళో. పిండి వయసు ఒక పూట. చలి ఇద్దరికీ ఒకటే. గొంగళి దానికి, గోనెసంచి నాకు. ఎందుకిలా చేశారని అమ్మను అడిగాను, నాన్నను అడిగాను. సరైన జవాబు చెప్పకుండానే ఇద్దరూ వెళ్ళిపోయారు. నేను కూడా ఆ సంగతి వదిలేశాననే అనుకున్నాను, మొన్న డిసెంబరులో కొండాపూర్ ఫ్లాటులో మా అల్లుడు నా శాలువా తీసి ఒక గాజు సీసాకు చుట్టేదాకా.

మా అల్లుడు శ్రీధర్ చెడ్డవాడు కాదు. హైటెక్ సిటీలో ఒక అద్దాల మేడలో పదమూడేళ్ళు పనిచేశాడు. ఒక మంగళవారం పొద్దున పావుగంట మీటింగని పిలిచి, సాయంత్రానికి లాప్‌టాప్ అప్పజెప్పి వెళ్ళమన్నారు. ఆ తరువాత ఎనిమిది నెలలు మా హాలు హాలులా లేదు. పైన ఇస్త్రీ చొక్కా, కింద లుంగీ, ఎదురుగా తెరమీద ఎవరో ముక్కూ మొహం తెలియని కుర్రాడు. నేను మంచినీళ్ళకు వంటింట్లోకి వెళ్ళాలంటే కెమెరాకు అందకుండా వంగి నడవాలి. నా మోకాళ్ళు అరిగిపోవడానికి ఆ ఇంటర్వ్యూలే కారణమని డాక్టరుకు చెప్పాను. ఆయన రాసుకోలేదు. ఇది నాలుగో రౌండు, ఇది ఐదో రౌండు అనేవాడు అల్లుడు. మా రోజుల్లో రౌండ్లు కుస్తీలో ఉండేవి, అక్కడైనా చివరికి ఎవడో ఒకడు గెలిచేవాడు. ఇక్కడ ఐదు రౌండ్లూ అయ్యాక ‘మేమే కబురు చేస్తాం’ అనేవారు. ఒక్కరూ చేయలేదు.

ఖాళీగా కూర్చోలేక అతను రొట్టెలు కాల్చడం నేర్చుకున్నాడు. బేకరీలో దొరికే మామూలు రొట్టె కాదు. ఒక సీసాలో పిండీ నీళ్ళూ కలిపి, పూటపూటా దానికి ఇంత పిండి తినిపిస్తూ, పులిసి బుడగలు వచ్చాక, ఆ పులుపుతో చేసే రొట్టె. దాని పేరు సోర్‌డో అట. ఆ సీసాకు ఇంట్లో ఉన్న మర్యాద నాకు లేదు. నేను అన్నం తిన్నానో లేదో ఎవరికైనా అనుమానం రావచ్చు గాని, సీసా తిన్నదా లేదా అన్న అనుమానం ఎవరికీ రాదు, ఫోనులో అలారం మోగుతుంది.

ఒక ఆదివారం భోజనాల దగ్గర మా అమ్మాయి వసంత గొంతు సవరించుకుంది. “నాన్నా, మేమొకటి అనుకున్నాం. ఇక్కడ ఉద్యోగాలు ఇప్పట్లో వచ్చేలా లేవు. అరకు వెళ్ళిపోయి చిన్న కెఫే పెడదామని.”

నేను అన్నం కలపడం ఆపేశాను. దేశంలో ఇన్ని కొండలుండగా!

“మంచి గాలి మావయ్యగారూ,” అన్నాడు అల్లుడు. “ఇల్లు కూడా చూశాం. టూరిస్టులకి పొద్దున్నే వేడివేడి రొట్టె, కాఫీ. మీరూ మాతోనే.”

“అక్కడ పిండి పొంగదు,” అన్నాను.

“ఏ పిండండీ?”

“ఏ పిండైనా.”

“ఇప్పుడు టెక్నాలజీ ఉంది మావయ్యగారూ. చిన్న పెట్టె వస్తుంది, అందులో పెట్టి వేడి సెట్ చేసేస్తే చాలు.”

“మా నాన్న దగ్గరా టెక్నాలజీ ఉండేది. దాని పేరు గొంగళి.”

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మర్నాడు పొద్దున చలిగా ఉంది. లేచి వచ్చేసరికి వంటింటి గట్టుమీద సీసా, సీసాకు నా శాలువా. మా ప్రెస్సు మూతపడిన రోజున యజమాని నాకు కప్పిన శాలువా అది. నా జీవితంలో జరిగిన ఒకే ఒక్క సన్మానం. “ఒక్క పూటకే మావయ్యగారూ, రాత్రినుంచీ డల్‌గా ఉంది,” అన్నాడు అల్లుడు, జ్వరం వచ్చిన పిల్లను చూపించినట్టు. నాకు అరవై ఏళ్ళ కోపం ఒక్కసారిగా వచ్చింది. నేను రానని చెప్పేశాను. పిండికి దుప్పటి కప్పే ఇంటితో కలిసి రెండోసారి కొండెక్కేది లేదన్నాను. వసంత కళ్ళు తుడుచుకుని, “నువ్వు రాకపోతే మేమూ వెళ్ళం నాన్నా. ఒక్కణ్ణీ ఇక్కడ వదిలేసి ఎలా వెళ్తాం?” అంది. ఇంటి ఓనరుకు నెలాఖరుకు ఖాళీ చేస్తామని అప్పటికే చెప్పేశారు. కొత్త ఉద్యోగం లేదు. చేతిలో ఉన్న ఉపాయం ఆ కొండ ఒక్కటే. అది నా ‘ఊఁ’ మీద ఆగిపోయింది. నేనేమో అందరూ చచ్చిపోయిన ఒక తగాదా మీద ఆగిపోయాను.

మా నాన్న అనకాపల్లిలో ఒక కాఫీ హోటల్లో ఇడ్లీ మాస్టరు. బెల్లం ధర పడిపోయిన ఏడు, మార్కెట్టుకు బళ్ళు రావడం తగ్గింది. బళ్ళవాళ్ళు లేకపోతే తెల్లవారుజామున ఇడ్లీ తినేవాడు లేడు. యజమాని పొయ్యి ఆర్పి తాళం వేశాడు. నాన్న తుని దాకా వెళ్ళి కనపడిన ప్రతి హోటల్లోనూ పని అడిగి వచ్చాడు. ఆయనకు ప్రతిచోటా ఒకే రౌండు, “ఖాళీ లేదు.” అందులో ఒక మర్యాద ఉంది, సంగతి ఆ పూటే తెలిసిపోయేది. చివరికి ఎవరో చెప్పారు, అరకు కొండల్లో కొత్తగా రైలు దారి వేస్తున్నారు, వందలమంది కూలీలున్నారు, ఇడ్లీ వండే నాథుడు లేడు అని. నాన్న ఇంటికొచ్చి చొక్కా విప్పకుండానే “సామాను కట్టవే,” అన్నాడు.

“కొండమీద మనుసులుంటారా?” అంది అమ్మ.

“మనుసులున్నారు. ఇడ్లీలే లేవంట. ఏటే నీ బయ్యం?”

ఇల్లు మారడమంటే ఇప్పుడు నలుగురు టోపీవాళ్ళు వచ్చి, ప్లాస్టిక్ బకెట్టుకు కూడా బుడగల కాగితం చుట్టి, మీద పేరు రాసి తీసుకెళ్తున్నారు. అప్పుడు మాకొక లారీ దొరికింది. మొదట రుబ్బురోలు ఎక్కింది. దాని కింద గడ్డి పరిచారు. తరువాత ఇడ్లీ పాత్ర ఎక్కింది. దానికి సొట్ట పడకుండా అమ్మ చీర చుట్టారు. ఆ తరువాత మేం ఎక్కాం. మా కింద ఏమీ పరచలేదు. ఘాటు రోడ్డులో రెండో మలుపుకే నా కడుపులో తిప్పింది. మొలతాడు పట్టుకుని నన్ను ఒక పక్కకు లాగుతూ నాన్న అరిచిన అరుపు నాకిప్పటికీ గుర్తుంది. “రోలు మీద కక్కకురా!” అనకాపల్లి సంతలో నాన్న నాకోసమే కొన్న గొంగళి అప్పటికి నా భుజాలమీదే ఉంది. నాకు దగ్గు వస్తుందని కొన్నాడు. నల్లటి ముతక గొంగళి, గొర్రెల మంద మధ్యలో నిలబడ్డట్టు వాసన. దాన్ని చూసుకుని కొండంతా నాదే అనుకున్నాను.

మా హోటలంటే నాలుగు రేకులు, రెండు బల్లలు, ఒక పొయ్యి. వెనక గదిలో మేం. పచ్చి కట్టెల పొగ, రైలు పట్టాల కింద వేసే దుంగలకు పూసిన తారు వాసన, పొద్దున్నే నేలమీద పాకే పొగమంచు, ఈ మూడూ కలిసి ఒకటే గాలి. అమ్మ మధ్యాహ్నం మినప్పప్పు నానబోసేది, దీపాల వేళకు రుబ్బేది. ఆవిడ రుబ్బుతుంటే పొత్రం శబ్దం మారేదాకా ఎవరూ మాట్లాడకూడదు. ఆ శబ్దాన్ని బట్టే పిండి పదునైందో లేదో తెలుస్తుంది. ఆఖరున రవ్వా ఉప్పూ వేసి, మోచేతిదాకా చెయ్యి పెట్టి కలిపేది. గరిటెతో కలిపితే పిండి పొంగదని, మనిషి చెయ్యి తగలాలని ఆవిడ శాస్త్రం. అనకాపల్లిలో మా వీధివాళ్ళు ఆవకాయ కలపడానికైనా పిండి కలపడానికైనా సత్యవతి చెయ్యి పడాలని పిలిచి తీసుకెళ్ళేవారు.

ఆ చెయ్యి అరకులో పనిచేయలేదు. మొదటిరోజు తెల్లవారుజామున మూత తీస్తే పిండి రాత్రి ఎక్కడుందో అక్కడే ఉంది. పైన మాత్రం నీళ్ళు తేలాయి. నాన్న మొండివాడు, దాన్నే ఉడికించాడు. బల్లమీద కూర్చున్న కూలీల్లో ఒకడు ఇడ్లీ తీసి ఇంకో ఇడ్లీతో కొట్టి చూశాడు. “మాస్టారూ, పట్టాల కింద కంకర సాల్లేదని మీకెవులు సెప్పారు?” అన్నాడు. అందరూ నవ్వారు. అమ్మ లోపలికి వెళ్ళి తన చేతినే తిప్పి తిప్పి చూసుకుంది.

రెండోరోజు పాత్రను పొయ్యి పక్కన పెట్టారు. ఒక పక్క ఉడికింది, ఇంకో పక్క నిద్రపోయింది. మూడోరోజు గడ్డిలో పూడ్చారు, ఎలకలు తిన్నంత తిన్నాయి. పప్పు అమ్మినవాణ్ణి అనుమానించారు, నీళ్ళను అనుమానించారు, మూత తీసి చూశానేమోనని నన్ను అనుమానించారు. దిష్టి తగిలిందని బొగ్గుముక్క, ఎండుమిరపకాయలు కట్టారు. అప్పటికీ కదలకపోయేసరికి అమ్మ సింహాద్రి అప్పన్నకు దండం పెట్టి మొక్కుకుంది. పిండి పొంగితే తలనీలాలు సమర్పిస్తానంది. ఎవరి తల? నా తల. నన్నెవరూ అడగలేదు. ఆ సాయంత్రమే మా అక్క పైడమ్మ, అప్పటికి దానికి పద్నాలుగేళ్ళు, నా భుజాల మీద ఉన్న గొంగళిని ఒక్క లాగు లాగి తీసుకెళ్ళి అమ్మ చేతికిచ్చింది. అమ్మ దాన్ని పాత్ర చుట్టూ రెండు మడతలు చుట్టి, తాడు కట్టి, పైన ముడి వేసింది.

“నాదే అది!” అన్నాను.

“ఉండెస్, గుంటడా! పెద్ద జెమీందారు,” అంది అక్క.

మర్నాడు పొద్దున నాన్న కేకకు లేచాం. “లెగండర్రా, పొంగిందర్రా!” బిడ్డ పుట్టినప్పుడు కూడా మనుషులు అలా అరవరు. మూత పక్కకు ఒరిగి ఉంది. తెల్లటి నురగ గొంగళిమీదికి దిగింది. అమ్మ ఏడ్చింది. ఆ పూట ఇడ్లీలు పదకొండు వాయలు దిగాయి, కంకర జోకు వేసినవాడే మూడుసార్లు చట్నీ అడిగాడు. ఆ రోజునుంచి గొంగళి పిండిదే. ఒక్కనాటి అవసరం కాస్తా ఆచారమైపోయింది. చీకటి పడ్డాక పాత్ర పక్కన గట్టిగా మాట్లాడకూడదు, దగ్గరగా నడవకూడదు, తుమ్మకూడదు. నాన్న నన్ను ‘ఒరే ఎదవా’ అనేవాడు, పిండిని ‘తల్లీ’ అనేవాడు. పప్పు తేవడానికి కిందికి దిగిన లారీలోనే నన్ను ఎక్కించుకెళ్ళి సింహాచలంలో మొక్కు తీర్చారు. కొండమీది చలికాలంలో, గుండుతో, గోనెసంచిలో ఉన్న పిల్లవాణ్ణి ఊహించుకోండి. పక్కనే నా గొంగళి కప్పుకుని హాయిగా బుడగలు వదులుతున్న పిండిని కూడా ఊహించుకోండి.

ఒక సాయంత్రం నేను తట్టుకోలేకపోయాను. అమ్మ ముడి వేసి అటు తిరగగానే గొంగళి విప్పి, దాని స్థానంలో నా గోనెసంచి చుట్టి, కట్టెల గుట్ట వెనక్కి వెళ్ళి పడుకున్నాను. తెల్లారేసరికి పిండి రాయి. బయట కూలీలు బారులు తీరి గిన్నెలు వాయిస్తున్నారు. నాన్న నన్ను గొంగళితో సహా కట్టెల వెనక చూశాడు. కొడతాడనుకున్నాను. కొట్టలేదు. గొంగళి తీసి, దులిపి, మడతపెట్టి పాత్రమీద పెట్టాడు. అమ్మ ఆ పొంగని పిండినే మూకుళ్ళలో పోసి, మూతమీద నిప్పులు వేసి దిబ్బరొట్టెలు కాల్చింది. కూలీలు ఆలస్యానికి తిట్టుకుంటూనే తిన్నారు. ఆ పూట గడిచింది. అంట్లు తోముతున్న అమ్మ వెనక్కి వెళ్ళి నిలబడి అడిగేశాను.

“అమ్మా, నానెక్కువా, పిండెక్కువా?”

“ముందెల్లి పప్పు నానబొయ్యి,” అంది.

నాన్నను అడిగితే నవ్వాడు. “నిన్ను ఉడకబెట్టి అమ్మలేం కదరా?” అన్నాడు. ఇవి రెండూ జవాబులా? మీరే చెప్పండి.

బడి లేదు గనుక నేను చదువుకున్నది ఆ హోటల్లోనే. పొట్లాలు కట్టే పాత పేపర్లు కట్టలు కట్టలుగా వచ్చేవి. వడకింద ఉన్న వార్త నూనెలో తేలి మరీ స్పష్టంగా కనిపించేది. ఏ కథా నాకు చివరిదాకా దొరకలేదు, రెండో సగం ఎవరో చట్నీతో పాటు పట్టుకుపోయేవారు. అందుకే కాబోలు, సగంలో ఆగిన మాటను నేను వదలలేను. రైలు దారి పూర్తయి కూలీలు వెళ్ళిపోయాక మేం కొండ దిగి విశాఖపట్నం చేరాం. అక్షరాలు గుర్తుపడతానని నన్ను ప్రెస్సులో పెట్టుకున్నారు. గొంగళి ఏమైందో నాకు తెలియదు. ఏ పిండితో వెళ్ళిపోయిందో.

ఇదంతా తలుచుకుంటూ మొన్న కింద పార్కింగ్‌లో కూర్చున్నాను. అక్కడ యాదగిరి ఉంటాడు. కొత్తగూడలో పుట్టి పెరిగినవాడు. మా అపార్ట్‌మెంటు ఉన్న నేల ఒకప్పుడు వాళ్ళ జొన్నచేను. ఇప్పుడు ఇందులో అతనికి రెండు ఫ్లాట్లున్నాయి గాని, పొద్దున కుర్చీ మాత్రం కిందే వేసుకుంటాడు, కాళ్ళకు నేల తగలాలని.

“ఏంది సార్, గుట్టల మీదికి పోతున్రంట?” అన్నాడు.

“నేను పోవడం లేదు. వాళ్ళు పోతున్నారు.”

“ఈడ ఇంతింత గుట్టలుండె సార్. ఆఫీసులు కట్టనీకి అన్నీ పేల్చేసిన్రు. ఇప్పుడు గుట్టలే కావాలని అంత దూరం పోతరా? జర ముందుగాల చెప్తే ఒకటన్న ఉంచుతుంటిమి గద!”

నవ్వు ఆపుకోలేకపోయాను. ఆ నవ్వులో గొంగళి సంగతి కూడా చెప్పేశాను. అతను శ్రద్ధగా విన్నాడు. “గొంగడా? మా నాయిన మీదినుంచి దిగకపోతుండె. వానకు తడవడు, చలికి వణకడు. పిండికి కప్పుడేంది సార్!” అని నా పక్షాన నిలిచాడు. నాకు ప్రాణం లేచివచ్చింది. అంతలోనే అడిగాడు. “అది గుంజుకున్న మీ అక్క ఉన్నదా?”

“ఉంది. అనకాపల్లిలో, మనవడి దగ్గర.”

“మరి ఫోన్ జెయ్యున్రి. ఉన్న మనిషిని అడగకుంట పోయినోళ్ళ మీద అలుగుడేంది? పిల్లలు పరేషాన్ అయితున్రు.”

అరవై ఏళ్ళలో నాకీ ఆలోచన రాకపోవడానికి కారణం ఉంది. గొంగళి లాగింది అక్క. ముద్దాయిని తీర్పు చెప్పమని ఎవరు అడుగుతారు? అయినా పైకి వచ్చి వసంతతో చెప్పాను. “మీ అత్తకు ఫోన్ చెయ్యి. జవాబు సబబుగా ఉంటే నేనూ వస్తాను. లేకపోతే ఎవరూ ఎక్కడికీ వెళ్ళేది లేదు.” అల్లుడు తన చేతిలో ఉన్న సీసాను కింద పెట్టేసి వచ్చి కూర్చున్నాడు. కిటికీలోంచి దూరంగా కోకాపేట మేడలు ఎండలో తళతళలాడుతున్నాయి. అన్ని అంతస్తులుండీ అతనికొక కుర్చీ ఇవ్వలేకపోయాయి. అతని మొహం చూస్తే, తుని నుంచి తిరిగొచ్చి అరుగుమీద కూర్చున్న నాన్న మొహం గుర్తొచ్చింది. కాని న్యాయం న్యాయమే.

అక్కకు చెవుడు. స్పీకరు పెట్టాం.

“ఏరా, మోకాళ్ళెలాగున్నాయి?” అంది ముందుగా.

“మోకాళ్ళ సంగతి తరువాత. అక్కా, అరకులో నా గొంగళి లాక్కుని పిండికి ఎందుకు కప్పారు?”

“ఏ గొంగళి?”

“నల్లది. నాన్న నాకోసం కొన్నది. నాకు దగ్గు. నాకు గుండు. నాకు గోనెసంచి!” నా గొంతు పెద్దదైంది. “నేనెక్కువా, పిండెక్కువా అని అమ్మను అడిగితే చెప్పలేదు. నువ్వు చెప్పు.”

అవతలినుంచి వెక్కుతున్నట్టు చప్పుడు వచ్చింది. ఏడుస్తోందేమోనని వసంత ఫోను దగ్గరికి జరిపింది. ఏడవడం లేదు, నవ్వుతోంది. నవ్వీ నవ్వీ దగ్గు వచ్చి, మనవణ్ణి మంచినీళ్ళు అడిగి, తాగి, అప్పుడు చెప్పింది.

“ఓరి పిచ్చి నాయినా! ఆ గదిలో నీకు ఇటు నానుండీదాన్ని, అటు అమ్మ, కాళ్ళకాడ నాన్న. పిండికి ఎవులున్నార్రా?”